బ్రిటనులో ఫుట్‌బాలు జోస్యము



పందెమను మాట చెవిని బడగానే తెలుగువానికి ధర్మరాజు ఆడిన జూదమో, సంక్రాంతినాటి కోడిపందెమో స్ఫురించును. ఆ రెండింటను పందెమొడ్డినవాడు పాచికలకడనో బరికడనో కూర్చుండియే యుండును. నేటి ప్రసంగమునకు విషయమైన వినోదము అట్టిది కాదు. ఇందు ఆటగాండ్రు ఎక్కడనో ఆడుదురు; పందెగాడు తన యింట భోజనపుబల్లకడ కూర్చుండి, వచ్చు శనివారమున ఏ జట్టు గెలుచునో, ఏ ఆట సమముగా ముగియునో యోచించి, ఒక కూపనుపై గుర్తులుంచి తపాలాపెట్టెలో వేయును. బ్రిటనులో దీనిని ఫుట్‌బాల్ పూల్సు అందురు. సుమారు డెబ్బది సంవత్సరములు ఆ దేశపు శ్రామికకుటుంబములకు వారాంతపు ఆశ యన్న ఇదియే.

దీని యుదంతము తంతితపాలా శాఖవారికి ప్రత్యేకముగా ముచ్చట గొలుపును. 1923లో దీనిని పెద్దయెత్తున ప్రారంభించిన జాన్ మూర్సును, అతని మిత్రులిద్దరును చిన్ననాట మాంచెస్టరులో తపాలావార్తలు మోసిన కుర్రవాండ్రు. పిమ్మట సముద్రపు తంతి కంపెనీలో ఉద్యోగులు. ఉద్యోగులు బయటి వ్యాపారము చేయరాదని ఆ కంపెనీ నియమము. ఈ సభలోనివారికి ఆ నియమమును వివరింపనక్కరలేదు! కావున పేరు దాచవలసివచ్చినది. మిత్రులలో ఒకడు పిన్నతల్లి యింట పెరిగి, ఆమె యింటిపేరు పొందినవాడు. అతని పుట్టింటిపేరు లిటిల్‌వుడ్. ఆ పేరే సంస్థకు పెట్టిరి. మాంచెస్టరు యునైటెడ్ మైదానము వెలుపల 4,000 కూపనులు పంచగా తిరిగివచ్చినవి 35. వచ్చిన సొమ్ము 4 పౌండ్ల 7 షిల్లింగుల 6 పెన్నీలు. నష్టము పెరుగగా మిత్రులిద్దరును విరమించుకొనిరి. మూర్సు ఒక్కొక్కరికి 200 పౌండ్లిచ్చి వారి భాగములు తీసికొనెను. 1932 నాటికి అతడు లక్షాధికారులను మించి, పది లక్షల పౌండ్లకు అధిపతి యయ్యెను.

ఇందు చట్టము నడచిన తీరు గమనింపదగినది. 1906 నాటి శాసనము వీథులలో పందెములను నిషేధించినది; 1920 నాటి శాసనము ఫుట్‌బాలుపై రొక్కపు పందెములను నిషేధించినది. అప్పుమీద పందెము కాయుటకు మాత్రము అభ్యంతరము లేదు. బుకీవద్ద ఖాతా గల ధనికునికి ఇబ్బంది లేకుండెను. చేతిలో ఆరు పెన్నీలు గల కూలివాడు నేరస్థుడయ్యెను. పూల్సువారు ఈ సందుననే దారి చేసికొనిరి. ఈ వారపు పందెము సొమ్మును ఆటలు ముగిసిన పిమ్మట వచ్చువారము పోస్టలార్డరుగా పంపుట వారి పద్ధతి. అనగా కూలివానికిని అప్పు దొరకినది! వచ్చిన సొమ్మంతయు ఒకచోట చేర్చి, ఖర్చులును లాభమును మినహాయించి, తక్కినది సరిగా ఊహించినవారికి పంచుదురు. ఎవరు గెలిచినను నిర్వాహకునికి నష్టము లేదు.

ఫుట్‌బాలు లీగు పెద్దలకు ఇది కంటగింపయ్యెను. 1936 ఫిబ్రవరి నెలాఖరున వారు ఆటల పట్టికను రహస్యముగా నుంచి, ఏ జట్టు ఏ జట్టుతో ఆడునో చివరిదాక చెప్పరైరి. కూపనులు అచ్చు కాకుండ చేయుట వారి యెత్తు. కాని ఆట ఎక్కడనో తెలియక ప్రేక్షకులును మానుకొనిరి, మైదానములు వెలవెలబోయినవి. క్లబ్బులు మొరపెట్టుకొనగా కొలదివారములలోనే ఆ ప్రయత్నము విడిచిరి. 1959లో మాత్రము న్యాయస్థానము పట్టికపై స్వత్వము లీగుదేనని తీర్పు చెప్పెను. అటుపిమ్మట పూల్సువారు లీగునకు ఏటేట సొమ్ము చెల్లించిరి. తిట్టినవారే తిన్నారని అనవచ్చును. తమ ఆటతో ఇతరులు ధనవంతులగుచుండగా ఊరకుండుటయు న్యాయము కాదు.

1962-63 శీతకాలమున మైదానములన్నియు మంచుతో గడ్డకట్టి, వారముల తరబడి ఆటలు నిలిచిపోయెను. కూపనులు వ్యర్థము కాకూడదని 1963 జనవరి 26న లండనులో ఒక పెద్దల మండలి కూర్చుండెను. బ్రబజాన్ ప్రభువు అధ్యక్షుడు. టామ్ ఫిన్నీ, టామీ లాటన్ మొదలగు ప్రసిద్ధ క్రీడాకారులు సభ్యులు. జరుగని ఆటలకు ఫలితములు నిర్ణయించుట వారి పని! బంతి కదలలేదు, ఈల మ్రోగలేదు. కాని ఒక జట్టు గెలిచినదనియు, ఒకటి ఓడినదనియు ప్రకటింపబడెను. కమిటీలతో పరిచయము గలవారికి సైతము ఇది వింతయే.

గృహజీవనముపై దీని ముద్ర ఇంతింత కాదు. శనివారము సాయంకాలము రేడియోలో ఫలితములు చదువునపుడు పిల్లలు సైతము నోరు మెదపరాదు. చదువువాని కంఠస్వరపు హెచ్చుతగ్గులనుబట్టియే రెండవ జట్టు పేరు వినబడినంతనే ఫలితము పోల్చుకొనెడివారు. లివర్‌పూలులో వేలకొలది యువతులకు కూపనులు సరిచూచుటయే జీవనోపాధి. ఇటలీలో 1946లో ఇట్టిదే టోటోకాల్చో పుట్టినది. పదమూడు ఫలితములును సరిగా చెప్పుట యనునది ఆ భాషలో అదృష్టము పండుటకు నానుడియైనది. మూర్సు 1957లో స్థాపించిన చిత్రకళా బహుమతి లివర్‌పూలునకు కీర్తి తెచ్చినది. వేరొకప్రక్కయు కలదు. 1961లో కాసిల్‌ఫర్డునందలి ఒక గనికార్మికుని దంపతులకు 1,52,000 పౌండ్లకు మించి వచ్చినది. నాలుగేండ్లలో భర్త కారు ప్రమాదమున మరణించెను. భార్యకు సొమ్ము మిగులలేదు.

1994లో జాతీయ లాటరీ రాగా పూల్సు క్షీణించినవి. ఊహించుటకు బుద్ధి కొంతయైన వలయునన్న తృప్తికంటె, శ్రమ లేని అంకెలే జనులకు రుచించినవి.

మన దేశమున బుద్ధికిని అదృష్టమునకును గల భేదము న్యాయస్థానములలో చిరకాలము నలిగినది. బహుమతి పోటీల చట్టము 1955లో వచ్చినది. అదృష్టముపై నడచునది వ్యాపారమనిపించుకొనదని సుప్రీంకోర్టు 1957లో చెప్పినది. గుఱ్ఱపు పందెము నైపుణ్యమేనని 1996లో చెప్పినది. సెల్‌ఫోనులో క్రికెట్టు జట్టునూహించి సొమ్మొడ్డు ఆటలు ఆ నైపుణ్యమను మాట నీడననే పెరిగినవి. తెలంగాణము 2017లోను, ఆంధ్రప్రదేశము 2020లోను వానిని కట్టడి చేసినవి. 2025లో పార్లమెంటు నైపుణ్యమా, అదృష్టమా యను విచారణనే విడిచి, సొమ్మొడ్డు ఆన్‌లైను ఆటలన్నిటిని నిషేధించినది. ఓడిన కూలివానికి పూల్సు కూపను మరల ఒక వారమునకుగాని వచ్చెడిది కాదు. ఆ నడుమ ఆరుదినములు అతడు పనికి పోయెడివాడు. చేతనున్న ఫోను ఆ ఆరుదినముల గడువు నీయలేదు.