మన పాఠాల సర్వర్ తాళాలు మన దగ్గరే ఉండాలి
(వార్షిక మహాసభలో శిక్షణ ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగం)



పుస్తకాలు రాయడం నేర్చుకోవాలంటే ఇన్నాళ్లూ ఊరు దాటి పోవాల్సిందే. చంటిపిల్ల తల్లికి, మంచాన పడ్డ అత్తగారిని చూసుకునే కోడలికి అది కుదిరే పని కాదు. శిక్షణకు పోలేదు గనుక బుక్ కీపర్ పని కూడా వాళ్లకు అందలేదు. అందుకే పాఠాలే ఫోనులోకి వచ్చేలా చేయాలని పోయిన మహాసభలో తీర్మానించుకున్నాం. ఆ పని ఎక్కడ ఆగింది, ఎలా నడిచింది, ఇక మీరు తేల్చాల్సింది ఏమిటి అన్నది ఈరోజు చెబుతాం.

మనం తీసుకున్న సాఫ్ట్‌వేర్ పేరు మూడుల్. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో మార్టిన్ డౌగియామస్ దీన్ని మొదలుపెట్టారు. మొదటి వెర్షన్ 2002లో వచ్చింది. సాఫ్ట్‌వేర్‌కు ధర లేదు, ఎవరైనా దించుకుని వాడుకోవచ్చు. మనకు పడే ఖర్చు సర్వర్ అద్దె, వెబ్ చిరునామా. సర్వర్ అంటే రాత్రింబవళ్లు ఇంటర్నెట్‌లో ఉండే కంప్యూటర్, అంతే.

దీన్ని ఎక్కించే పని బయటి మనిషి ఒకరు ఒప్పుకున్నారు. సగంలో ఆగాక, "ఈ సర్వర్ చాలదు, పెద్దది కొనాలి, మళ్లీ డబ్బు కట్టండి" అన్నారు. డబ్బు కట్టే ముందు అసలు తెర మీద ఏం రాసి ఉందో చదువుదామని మేము కూర్చున్నాం. కంప్యూటర్ చదువు ఉన్న మన సభ్యుల ఆడపిల్లలు తోడొచ్చారు.

మొదట పరీక్ష పేజీ చూశాం. ఎక్కించే ముందు మూడుల్ సర్వర్‌ను తనే పరీక్ష చేసి, ఉన్నవీ లేనివీ పట్టికగా చూపిస్తుంది. పీహెచ్‌పీ అనే భాగంలో ఒక లెక్క కనీసం 5000 ఉండాలి, మనది 1000 చూపించింది. మార్చాం. అయినా 1000 అనే చూపించింది. ఎందుకంటే ఆ లెక్క రాసే ఫైళ్లు రెండు ఉంటాయి. ఒకటి కమాండ్లకు, రెండోది వెబ్ పేజీలకు. మార్చాల్సింది రెండోది. దాన్ని మార్చి, సర్వర్ సేవను ఆపి మళ్లీ మొదలుపెడితే ఎర్ర గీత పచ్చగా మారింది. పెద్ద సర్వర్‌తో దీనికి ఏ సంబంధమూ లేదు.

తర్వాత, "ఈ ఫోల్డర్‌లో రాయడానికి అనుమతి లేదు" అని వచ్చింది. మనం ఎక్కించిన ఫైళ్లన్నీ దాచుకోవడానికి మూడుల్‌కు ఒక డేటా ఫోల్డర్ కావాలి. దానికి 777 అనుమతి ఇచ్చేస్తే సరిపోతుందని చాలామంది చెబుతారు. అలా ఇస్తే ఆ కంప్యూటర్‌లోకి వచ్చిన ఎవరైనా రాయొచ్చు, చెరపొచ్చు. మన బీరువా తాళం తీసి రచ్చబండ మీద పెట్టినట్టే గదా! ఆ ఫోల్డర్‌ను వెబ్ పేజీల ఫోల్డర్‌కు బయట పెట్టి, వెబ్ సర్వర్ ఒక్కదానికే హక్కు ఇచ్చాం.

మూడోది, పేజీ తెరుచుకుంది గానీ రంగులూ బొమ్మలూ లేకుండా చిందరవందరగా ఉంది. కాన్ఫిగ్ ఫైల్‌లో చిరునామా హెచ్‌టీటీపీ అని ఉంది, మనం తెరిచేది హెచ్‌టీటీపీఎస్‌తో. ఆ ఒక్క ఎస్ అక్షరం చేర్చాక సరైంది.

నాలుగోది, సభ్యుల పట్టిక ఎక్కిస్తే తెలుగు పేర్ల బదులు ప్రశ్న గుర్తులు వచ్చాయి. ఎక్సెల్‌లో మామూలు సీఎస్‌వీగా దాస్తే తెలుగు అక్షరాలు పోతాయి, ఆ ఫైల్ నుంచి మళ్లీ రావు. అసలు పట్టిక తెరిచి "సీఎస్‌వీ యూటీఎఫ్-8" అని దాచి ఎక్కించాం. మన పేర్లు మన లిపిలో కనిపించాయి.

ఐదోది, వీడియో పాఠం ఎక్కలేదు. పీహెచ్‌పీ మొదట ఒక్కో ఫైల్‌కు 2 ఎంబీ మాత్రమే ఒప్పుకుంటుంది. అక్కడ రెండు హద్దులుంటాయి: ఒకటి ఫైల్‌కు, ఒకటి మొత్తం పంపేదానికి. రెండూ పెంచాలి, ఒకటే పెంచితే లాభం లేదు.

ఆఖరిది, పరీక్ష తేదీ గుర్తుచేసే ఈమెయిళ్లు పోలేదు. క్రాన్ అనే పనివాడు నిమిషానికోసారి లేచి, చేయాల్సిన పనులు చూడాలి. అతణ్ణి ఎవరూ పనిలో పెట్టనేలేదు. పెట్టాక ఈమెయిళ్లు కదిలాయి.

చూశారు గదా, ఒక్కటీ పెద్ద సర్వర్ కొంటే తీరే చిక్కు కాదు. ఒక్కో చిక్కునూ విడిగా చూసి, ఒకటి మార్చగానే పరీక్షించి, తారీఖుతో నోటుబుక్కులో రాసుకున్నాం. మన మినిట్స్ పుస్తకం పద్ధతే ఇది.

అక్కచెల్లెళ్లారా, అసలు విషయం ఇప్పుడు చెబుతున్నాం. వెబ్ చిరునామా, సర్వర్ ఖాతా రెండూ ఆ బయటి మనిషి ఈమెయిల్ మీదే నమోదై ఉన్నాయి. అద్దె మనం కడుతున్నాం, తాళం ఆయన దగ్గరుంది. రేపు ఆయన ఫోను ఎత్తకపోతే పాఠాలూ పోతాయి, మన సభ్యుల పేర్లూ ఫోను నంబర్లూ ఆయన చేతిలో ఉండిపోతాయి. బ్యాంకు ఖాతా పరాయి మనిషి పేరున పెడతామా?

కాబట్టి మూడు తీర్మానాలు మీ ముందు పెడుతున్నాం. ఒకటి, రెండు ఖాతాలూ సమాఖ్య ఈమెయిల్ మీదికి మారాలి. మారేదాకా మిగిలిన బిల్లు చెల్లించవద్దు. రెండు, పాస్‌వర్డ్ రాసిన కవరు సీలు వేసి కార్యాలయ బీరువాలో ఉండాలి, కార్యదర్శి, కోశాధికారి ఇద్దరి సంతకాలతోనే తెరవాలి. మూడు, నెలనెలా డేటాబేస్, డేటా ఫోల్డర్, కాన్ఫిగ్ ఫైల్‌తో సహా ప్రోగ్రామ్ ఫైళ్లు, ఈ మూడింటికీ నకలు తీసి వేరే చోట దాచాలి. డేటాబేస్ ఒక్కటే దాస్తే మార్కులు మిగులుతాయి గానీ వీడియోలు పోతాయి.

గ్రామ సంఘాల ప్రతినిధులు ఊరికి వెళ్లాక ఇంకో పని కూడా చేయాలి. ఇల్లు కదలలేక శిక్షణ వదులుకున్న సభ్యుల పేర్లు ముందుగా రాసి పంపండి. మొదటి తరగతి వాళ్లదే.

తీర్మానాలకు చేతులెత్తి ఆమోదం తెలపాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాం.