నేలయే మాటలాడు స్మారకము



స్మారకచిహ్నమనగానే మనకు తోచునది ఒక విగ్రహము, లేదా ఒక స్తంభము, దానిపై చెక్కిన నాలుగు పంక్తులు. నేడు నేను మనవి చేయనున్న స్మారకమున విగ్రహము లేదు. దాని దిమ్మెలపై ఒక్క పేరైనను లేదు. అచట మాటలాడునది నేలయే.

నాజీల పాలనలో సుమారు 60 లక్షల మంది ఐరోపా యూదులు సంహరింపబడిరి. వారి స్మృత్యర్థము బెర్లిన్ నగరమున స్మారకము నిర్మింపవలెనని జర్మన్ పార్లమెంటు 1999లో నిశ్చయించినది. అమెరికన్ వాస్తుశిల్పి పీటర్ ఐసెన్‌మన్ దానిని రూపొందించెను. 2005 మే నెలలో అది ప్రజలకు తెరువబడినది. ఆ స్థలము ఊరి చివర గాదు; రాజధాని నడిబొడ్డున, బ్రాండెన్‌బర్గ్ ద్వారమునకు చేరువను ఉన్నది. నాజీల ప్రభుత్వ కార్యాలయములును ఆ పరిసరములనే ఉండెడివి.

సుమారు 19,000 చదరపు మీటర్ల నేలపై 2,711 కాంక్రీటు దిమ్మెలు వరుసలు తీరి ఉన్నవి. పొడవు వెడల్పులు అన్నిటికి నొక్కటే. ఎత్తులు మాత్రము వేరు. వీధినుండి చూచువారికి ఆ వరుసలు చక్కగా కొలిచి పేర్చినట్లే కనబడును. లోనికి నడచినకొలది నేల పల్లమగును. దిమ్మెలు నడుము దాటి, తల దాటి లేచును. దారి ఒక్కరికి మాత్రమే చాలును. వీధి సందడి సన్నగిల్లును, వెంటవచ్చినవారు కనుమరుగగుదురు. క్రమబద్ధమని తోచు వ్యవస్థ హద్దు మీరి పెరిగినచో మానవ వివేకమునకు దూరమగునని ఐసెన్‌మన్ భావము.

ప్రహరి లేదు గనుక ఎవరైనను, ఏవైపునుండియైనను రావచ్చును. కొందరు దిమ్మెలపై గంతులిడుదురు, నవ్వుచు ఫోటోలు తీయించుకొందురు. ఇది అపచారమని విమర్శించువారు కలరు. అయినను కాపలాకు జడిసి చూపు గౌరవముకంటె, లోన నడచి తనకు తానై కలుగు మౌనమే మేలని నాకు తోచును. పేర్లు లేని వెలితి తీర్చుటకు భూగర్భమున ఒక సమాచార కేంద్రము కలదు. అందొక చీకటి గదిలో మృతుల పేర్లును, సంక్షిప్త జీవితకథలును ఒక్కొక్కటిగా చదివి వినిపింతురు.

ఈ విషయమును ప్రభుత్వోద్యోగుల సభలో ప్రస్తావించుటకు కారణము కలదు. ఆ మారణహోమము తుపాకులతో మాత్రమే జరుగలేదు. జాబితాలు వ్రాసినవారు, ఉత్తరువులు పంపినవారు, రైళ్ల వేళలు కూర్చినవారు అందు పాలుపంచుకొనిరి. వారి కాగితములును వెలుపలికి చక్కని వరుసలే. వరుస సరిగానున్నదా యని చూచుటతో ఉద్యోగధర్మము ముగియదు. ఆ వరుసలోని ప్రతి పేరు వెనుక నొక మనిషి కలడని తలచుటయు అందు భాగమే.