డాక్టరు కావాలనుకునే అమ్మాయికి ఏ కాలేజీ?

(స్త్రీల విద్యాహక్కుపై జరిగిన చర్చా సమావేశంలో చేసిన ప్రసంగానికి రాతరూపం)



నన్ను మాట్లాడమన్న విషయం వినగానే మీలో కొందరికి ఆశ్చర్యం కలిగి ఉంటుంది. అమెరికాలో వైద్యం చదవాలనుకునే అమ్మాయి డిగ్రీకి ఏ కాలేజీలో చేరాలన్నది మన సమస్య ఎలా అవుతుంది? బడి మానేసిన పిల్లలతో, కూలి రేట్లతో, కుటుంబ హింస కేసులతో రోజూ సతమతమయ్యే మనకు ఇది ఉన్నవాళ్ళ గొడవలా కనిపించవచ్చు. అయినా రెండు కారణాలతో ఒప్పుకున్నాను. అక్కడ తెలుగువాళ్ళు లక్షల్లో ఉన్నారు. అక్కడ పెరిగిన ఆడపిల్లలు చాలామంది ఈ నిర్ణయం దగ్గరే మొదటిసారి ఇంట్లో వాళ్ళతో తలపడుతున్నారు. వాళ్ళ అమ్మలు ఇక్కడున్న అక్కచెల్లెళ్ళకు ఫోన్లు చేసి సలహా అడుగుతున్నారు. ఇక రెండో కారణం. ఒక వృత్తి గుమ్మం దాకా ఎవరు వస్తారు, ఎవరు సగం దారిలో వెనక్కి తిరుగుతారు అన్నది ఎలా తేలుతుందో చూడడానికి ఇది మంచి ఉదాహరణ.

ముందు అక్కడి పద్ధతి చెప్తాను. మన దగ్గర ఇంటర్ బైపీసీ అయ్యాక నీట్ రాసి ఎం.బి.బి.ఎస్.లో చేరతారు. అక్కడ పన్నెండో తరగతి తర్వాత నాలుగేళ్ళ డిగ్రీ, ఆ తర్వాత నాలుగేళ్ళ వైద్య కళాశాల, ఆపైన శాఖను బట్టి మూడు నుంచి ఏడేళ్ళ రెసిడెన్సీ. డిగ్రీలో ఏ సబ్జెక్టయినా తీసుకోవచ్చు, చరిత్ర చదివినా ఫరవాలేదు. అయితే జీవశాస్త్రం, రసాయనశాస్త్రం, ఆర్గానిక్ కెమిస్ట్రీ, భౌతికశాస్త్రం లాంటి కొన్ని కోర్సులు లాబ్‌తో సహా పూర్తి చేసి ఉండాలి. ఎమ్‌క్యాట్ అనే పరీక్ష రాయాలి. 2015 నుంచి ఆ పరీక్షలో మనస్తత్వశాస్త్రం, సమాజశాస్త్రం కూడా చేర్చారు. రోగి శరీరం ఒక సమాజంలో బతుకుతుందని పరీక్ష పెట్టేవాళ్ళు గుర్తించడం నాలాంటి సమాజశాస్త్రం వాళ్ళకు సంతోషమే. వీటితో పాటు డిగ్రీ నాలుగేళ్ళ గ్రేడ్ల సగటు చూస్తారు. అంటే పదిహేడేళ్ళ వయసులో ఎంచుకున్న కాలేజీ ఆ అమ్మాయి భవిష్యత్తులో చాలా భాగాన్ని తేల్చేస్తుంది.

డిగ్రీ ఉంటేనే వైద్యంలో చేర్చుకోవాలన్న ఈ నియమానికి స్త్రీల ఉద్యమంతో ఉన్న సంబంధం మనలో చాలామందికి తెలియదు. ఆనందీబాయి జోషి 1886లో పెన్సిల్వేనియా మహిళా వైద్య కళాశాల నుంచి పట్టా తీసుకున్నారని మనందరం చదువుకున్నాం. ఆమె అక్కడ చేరేనాటికి డిగ్రీ లేదు, ఎవరూ అడగలేదు కూడా. తర్వాత బాల్టిమోర్‌లో జాన్స్ హాప్‌కిన్స్ వైద్య కళాశాల పెట్టడానికి డబ్బు చాలనప్పుడు మేరీ గ్యారెట్, కేరీ థామస్, వాళ్ళ స్నేహితురాళ్ళు చందాలు పోగుచేశారు. గ్యారెట్ ఒక్కతే మూడు లక్షల డాలర్లకు పైగా ఇచ్చింది. ఆమె పెట్టిన షరతుల్లో ఒకటి, మగవాళ్ళతో సమానంగా ఆడవాళ్ళను చేర్చుకోవాలి. ఇంకొకటి, డిగ్రీ పూర్తిచేసి, విజ్ఞానశాస్త్రాలతో పాటు ఫ్రెంచి, జర్మన్ భాషలు వచ్చినవాళ్ళనే చేర్చుకోవాలి. 1893లో కాలేజీ తెరిచినప్పుడు మొదటి తరగతిలో 18 మంది ఉంటే అందులో ముగ్గురు స్త్రీలు.

స్త్రీలకు తలుపు తెరిచిన చేతులే ఆ తలుపు ముందు డిగ్రీ అనే ఇంకో మెట్టు కట్టాయి. ఆ మెట్టు అందరికీ అందేది కాదు. 1910లో అబ్రహాం ఫ్లెక్స్‌నర్ నివేదిక వచ్చి, ప్రవేశ ప్రమాణాలు పెంచాలని, బలహీనమైన కాలేజీలు మూసేయాలని చెప్పింది. అప్పుడున్న ఏడు నల్లజాతి వైద్య కళాశాలల్లో హోవర్డ్, మెహారీ మాత్రమే మిగిలాయి. చాలా కాలేజీలు స్త్రీలకిచ్చే సీట్లను నూటికి ఐదారు దగ్గర ఆపేశాయి. 1970 ప్రాంతానికి కూడా వైద్య విద్యార్థుల్లో స్త్రీలు పదిమందికి ఒకరే. 1972లో చదువులో లింగవివక్షను నిషేధించే 'టైటిల్ నైన్' చట్టం వచ్చాకే లెక్కలు వేగంగా మారాయి. 2017లో కొత్తగా చేరినవాళ్ళలో, 2019లో మొత్తం విద్యార్థుల్లో స్త్రీలు సగం దాటారు. ప్రతిభ ఒక్కసారిగా పుట్టుకురాదు, అడ్డు తొలగితే బయటికి వస్తుంది.

మరి ఇప్పుడు సమస్య ఏమిటి? వైద్య కళాశాల గుమ్మం దగ్గర కనిపించని వివక్ష అంతకుముందే, డిగ్రీ మొదటి రెండేళ్ళలో జరుగుతోంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ బార్, ఆయన సహచరులు డాక్టరు కావాలని వచ్చిన విద్యార్థులను పరిశీలించి 2008లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఆ కోరికను మధ్యలో వదులుకున్నవాళ్ళలో నల్లజాతి తదితర అల్పసంఖ్యాక వర్గాలవాళ్ళు, స్త్రీలు ఎక్కువ. అందుకు వాళ్ళు చెప్పిన ముఖ్య కారణం కెమిస్ట్రీ తరగతుల్లో ఎదురైన అనుభవం. వందలమందిని ఒక హాల్లో కూర్చోబెట్టి, ఇంతమందికే మంచి గ్రేడు అని ముందే గీత గీసే తరగతులు అక్కడ చాలా ఉన్నాయి. జల్లెడ పట్టడమే వాటి పని. మొదటి పరీక్షలో తక్కువ మార్కులొచ్చిన అమ్మాయి 'నాకు రాదు' అనుకుని వెళ్ళిపోతుంది. పేరున్న కాలేజీలోనూ ఇది జరుగుతుంది.

దీనికి ఎదురుగా ఇంకో కాలేజీ చూడండి. న్యూ ఆర్లీన్స్‌లో జేవియర్ యూనివర్సిటీ ఆఫ్ లూసియానా అని, 1925లో మొదలైన నల్లజాతి కాలేజీ. మూడువేల మంది చదివే చిన్న సంస్థ. పెద్ద ఆస్తులు లేవు. అక్కడికి వచ్చే పిల్లల్లో చాలామంది పేద కుటుంబాలవాళ్ళు, ఇంట్లో మొదటిసారి కాలేజీ మెట్లెక్కినవాళ్ళు. వైద్యులైన నల్లజాతి పట్టభద్రులను దేశంలో అందరికంటే ఎక్కువమందిని ఇచ్చిన కాలేజీగా దానికి చాలా ఏళ్ళుగా పేరుంది. వాళ్ళు చేసేదాంట్లో మాయ ఏమీ లేదు. కెమిస్ట్రీ చెప్పే టీచర్లందరూ కూర్చుని ఒకే పాఠ్యక్రమం, ఒకే అభ్యాస పుస్తకాలు తయారుచేసుకున్నారు. తరచుగా చిన్న చిన్న పరీక్షలు పెడతారు. తప్పినవాళ్ళను పిలిచి మళ్ళీ చెప్తారు. పై తరగతి పిల్లలు కింది తరగతివాళ్ళకు చెప్తారు, జట్లుగా చదువుకుంటారు. మొదటి ఏడాది నుంచి దరఖాస్తు పంపేదాకా వెంట ఉండి చూసుకునే ఆఫీసు ఉంది. పోటీని పక్కనపెట్టి కలిసి చదవడాన్ని అలవాటు చేశారు. గ్రామాల్లో పొదుపు సంఘాలతో పనిచేసిన మీకు ఈ పద్ధతి కొత్తదేమీ కాదు.

కాబట్టి ర్యాంకు ఎంతని అడిగేకన్నా, ఈ చదువు కోసం మొదటి ఏడాది చేరినవాళ్ళలో చివరిదాకా ఎంతమంది నిలిచారని అడగాలి. ఇక్కడ అంకెల మోసం ఒకటి ఉంది. 'మా దగ్గర దరఖాస్తు పెట్టిన వందమందిలో తొంభైమందికి మెడికల్ సీటొచ్చింది' అని కాలేజీ చెప్పుకుంటే వినడానికి బావుంటుంది. దేశం మొత్తం మీద 2023లో సుమారు 52 వేలమంది దరఖాస్తు పెడితే 23 వేలమందే చేరారు, సగం కూడా లేరు. మరి ఈ తొంభై ఎలా వచ్చింది? కొన్ని కాలేజీల్లో కమిటీ సిఫారసు ఉత్తరం రాస్తుంది. సీటు రాదనుకున్నవాళ్ళకు రాయకుండా, వాళ్ళను దరఖాస్తే పెట్టకుండా ఆపే కాలేజీలున్నాయి. వడపోసి మిగిలినవాళ్ళనే లెక్కలోకి తీసుకుంటే ఏ కాలేజీ అయినా గొప్పగానే కనిపిస్తుంది. ఏ లెక్కలోనైనా ఎవరిని లెక్కపెట్టలేదన్నదే మనం మొదట వెతకాలి.

రెండో విషయం డబ్బు. పేరున్న ప్రైవేటు కాలేజీల్లో ఏడాది ఖర్చు 80 వేల డాలర్లు దాటింది. సొంత రాష్ట్రంలోని ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో అందులో సగం కూడా కాదు. అప్పు చేసి వైద్యం చదివినవాళ్ళు బయటికొచ్చేసరికి సగటున సుమారు రెండు లక్షల డాలర్ల అప్పుతో ఉంటున్నారు. 2025లో చేసిన చట్టం వైద్య విద్యార్థులు కొత్తగా తీసుకునే ప్రభుత్వ అప్పుకు 2026 జూలై 1 నుంచి పరిమితి పెట్టింది: ఏడాదికి 50 వేలు, మొత్తం రెండు లక్షల డాలర్లు. అంటే డిగ్రీకే డబ్బంతా ఊడ్చిపెడితే అసలు చదువు దగ్గర చెయ్యి ఖాళీ. ఈ లెక్క ఇంట్లో ఎలా వేస్తారో మనకు తెలుసు. 'తమ్ముడి చదువు కూడా ఉంది కదా' అన్న మాట సముద్రం దాటినా మారలేదు. పేరున్న కాలేజీ కొడుక్కి, దగ్గర్లో ఉన్నది కూతురికి అన్న పంపకం జరుగుతుంటే దాన్ని పొదుపు అనకూడదు.

మూడోది మన కుటుంబాలకు సూటిగా తగిలేది, వీసా. హెచ్-1బి ఉద్యోగి పిల్లలు హెచ్-4 వీసా మీద ఉంటారు. 21 ఏళ్ళు నిండితే ఆ హోదా పోతుంది. భారతీయులకు గ్రీన్ కార్డు వరుస చాలా పొడుగు. రెండేళ్ళ వయసులో వెళ్ళి అక్కడే బడి చదివిన పిల్ల, సరిగ్గా వైద్య కళాశాలకు దరఖాస్తు పెట్టే వయసులో విదేశీ విద్యార్థి అయిపోతుంది. ప్రభుత్వ అప్పు దొరకదు. చాలా వైద్య కళాశాలలు పౌరులను, శాశ్వత నివాసులను మాత్రమే తీసుకుంటాయి. ఈ సంగతి పదిహేడేళ్ళప్పుడే ఆ అమ్మాయికి చెప్పాలి. విదేశీ విద్యార్థులకు ఉపకార వేతనాలిచ్చే డిగ్రీ కాలేజీ ఏది, వాళ్ళను చేర్చుకునే వైద్య కళాశాల ఏది అని కలిపి చూడాలి. బాధపడుతుందని దాచిపెట్టడం ప్రేమ అనిపించుకోదు.

నాలుగోది, నిర్ణయం ఎవరిది? మన కుటుంబాలకు ఇష్టమైన దారి ఒకటుంది. డిగ్రీ, వైద్యం రెండూ కలిపి స్కూలు అవగానే సీటు ఖాయం చేసే కోర్సులు. మిస్సోరీ విశ్వవిద్యాలయం కాన్సస్ సిటీలో ఆరేళ్ళ కోర్సు 1971 నుంచి ఉంది. బ్రౌన్ విశ్వవిద్యాలయంలో ఎనిమిదేళ్ళ కోర్సు ఉంది. పోటీ భయం తగ్గుతుంది, కొన్నిచోట్ల ఏళ్ళు కలిసొస్తాయి. కానీ నేను మాట్లాడిన తల్లుల్లో కొందరు ఇంకో మాట కూడా అన్నారు: "త్వరగా అయిపోతే పెళ్ళి చేసేయొచ్చు అక్కా, ముప్ఫయ్యేళ్ళు దాటితే సంబంధాలెక్కడ దొరుకుతాయి?" కొడుకు రెసిడెన్సీ ఎన్నేళ్ళని ఎవరూ ఇలా లెక్కపెట్టరు. ఆ అమ్మాయే తెలిసి ఎంచుకుంటే ఆ కోర్సు మంచిదే. పెళ్ళి ముహూర్తం చూసి పెద్దవాళ్ళు ఎంచితే అది ఆమె చదువు ఎలా అవుతుంది? పదిహేడేళ్ళకు తేల్చుకోకపోతే తలుపు మూసుకుపోతుందన్నదీ నిజం కాదు. స్త్రీల కాలేజీగా పేరొందిన బ్రిన్ మార్, వేరే డిగ్రీ చేసినవాళ్ళు తర్వాత వచ్చి సైన్సు కోర్సులు పూర్తిచేసుకునే ఏర్పాటు 1972 నుంచీ నడుపుతోంది. ఇప్పుడు అలాంటివి చాలాచోట్ల ఉన్నాయి.

చివరగా భద్రత. మనవాళ్ళు భద్రత అనగానే ఇంటికి దగ్గర, ఆడపిల్లల హాస్టలు అంటారు. అమెరికా జాతీయ అకాడమీలు 2018లో ఇచ్చిన నివేదిక, లైంగిక వేధింపులు విజ్ఞాన, వైద్య రంగాలలో విస్తారంగా ఉన్నాయనీ, సంస్థ వాతావరణమే దానికి ముఖ్య కారణమనీ చెప్పింది. కాబట్టి దూరం కొలవడం కాక, ఫిర్యాదు చేస్తే వినే యంత్రాంగం ఉందా, లాబ్‌లో ప్రొఫెసరు మీద ఫిర్యాదు చేసిన విద్యార్థినికి సిఫారసు ఉత్తరం దొరుకుతుందా అని అడగాలి.

మీకు అలాంటి ఫోను వస్తే ఈ ప్రశ్నలు వాళ్ళకు చెప్పండి:

1. మొదటి ఏడాది వైద్యం ఆశతో చేరినవాళ్ళలో ఎంతమంది దరఖాస్తు దాకా వచ్చారు? అందులో అమ్మాయిలెందరు?
2. కెమిస్ట్రీ తరగతిలో వెనకబడితే ఎవరు చెప్తారు?
3. సిఫారసు ఉత్తరం కోరినవాళ్ళందరికీ రాస్తారా?
4. డిగ్రీ అయ్యేసరికి అప్పు ఎంత ఉంటుంది?
5. వీసా మారితే పరిస్థితి ఏమిటి?
6. ఆమె మనసు మార్చుకుంటే ఆ కాలేజీలో ఇంకేం చదవగలదు?
7. ఈ ప్రశ్నలన్నీ అడుగుతున్నది ఆమేనా, వాళ్ళ నాన్నా?

మన దగ్గర ఇదే జల్లెడ ఇంకా చిన్న వయసులో, ఇంటర్ కాలేజీలో పడుతోంది. పేపర్లో ర్యాంకుల ఫొటోలు నిండా వేస్తారు. ఆ బైపీసీ సెక్షన్లలో ఎంతమంది అమ్మాయిలు చేరారు, ఎంతమంది మధ్యలో ఇంటికి పోయారు, ఏ కులం, ఏ ఊరు వాళ్ళు పోయారు అన్నది ఏ ప్రకటనలోనూ ఉండదు. ఆ లెక్క బయటపెట్టమని అడగడం తల్లిదండ్రుల హక్కు, మన సంఘాల పని కూడా. ఏ జిల్లాలోనైనా రెండు మూడు కాలేజీలతో మొదలుపెట్టవచ్చు. మీ మండలాల్లో ఏం చూశారో ఇప్పుడు మీరు చెప్పండి, వింటాను.