రక్త పరీక్ష కాగితం శీలానికి సాక్ష్యమా?

(కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల మహిళా కార్యకర్తల ఆరోగ్య శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు నేను మాట్లాడబోయేది మన సమావేశాల్లో కూడా గొంతు తగ్గించి చెప్పుకునే విషయం. జననాంగాల మీద వచ్చే హెర్పిస్ గురించి, దాని కోసం చేసే రక్త పరీక్ష గురించి. కొందరు స్త్రీలకు ఆ రోగం కన్నా ఆ పరీక్ష కాగితమే ఎక్కువ హాని చేస్తోంది. అందుకే ఇది హక్కుల సమస్య కూడా అంటున్నాను.

హెర్పిస్ వైరస్‌లు రెండు రకాలు. మొదటిది ఎక్కువగా చిన్నతనంలోనే నోటి ద్వారా అంటుకుంటుంది. జ్వరం తర్వాత పెదవి మీద లేచే పొక్కులు దానివే. అది జననాంగాలకు కూడా సోకవచ్చు. రెండవది లైంగిక సంబంధం ద్వారా వస్తుంది. మన ఊళ్ళలో 'అక్కి' అనేది వేరే వైరస్ వల్ల వచ్చేది, రెంటినీ కలపకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2020లో ప్రపంచంలో 15-49 ఏళ్ళ వాళ్ళలో సుమారు 52 కోట్ల మందికి రెండవ రకం ఉంది. వీరిలో చాలామందికి ఏ లక్షణమూ కనిపించదు. ఒంట్లో చేరిన వైరస్ నరాల్లో ఉండిపోతుంది, ఎప్పుడో పుండ్లుగా బయటపడుతుంది. అసైక్లోవిర్ మాత్రలతో పుండ్లు త్వరగా మానతాయి.

ఇక పరీక్ష సంగతి. రక్తంలో వెతికేది వైరస్‌ను కాదు, దాన్ని ఎదిరించడానికి శరీరం తయారు చేసుకున్న యాంటీబాడీలను. ఇవి ఐజీఎం, ఐజీజీ అని రెండు. ఐజీఎం ఉంటే రోగం కొత్తగా వచ్చిందని చెప్పేవాళ్ళున్నారు. అది సరికాదు. పాత రోగం తిరగబెట్టినప్పుడు కూడా ఐజీఎం కనబడవచ్చు. ఏ రకం వైరస్‌దో కూడా అది నమ్మకంగా చెప్పలేదు. ఐజీజీ కొంత మెరుగు. కానీ అంటుకున్నాక అది కనబడడానికి మూడు నెలల దాకా పట్టవచ్చు. తప్పుడు పాజిటివ్‌లూ వస్తాయి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2023లో ఈ విషయమే హెచ్చరించింది. లక్షణాలు లేనివాళ్ళకు ఈ పరీక్ష మామూలుగా చేయవద్దని అక్కడి నిపుణుల బృందం అదే ఏడాది మళ్ళీ చెప్పింది.

ఒక లెక్క వేద్దాం. వెయ్యి మంది స్త్రీలలో 50 మందికి నిజంగా రోగం ఉందనుకోండి. రోగం లేని 950 మందిలో పరీక్ష నూటికి ఐదుగురి విషయంలో తప్పు చెప్పిందనుకోండి. అంటే 47 మందికి లేని రోగం అంటగట్టినట్టే. పాజిటివ్ కాగితాల్లో దాదాపు సగం అబద్ధమన్నమాట!

ఈ పరీక్ష మన దగ్గరికి ఎక్కువగా 'టార్చ్' పేరుతో వస్తుంది. గర్భం నిలవని స్త్రీలకు రాసే పరీక్షల కట్టలో హెర్పిస్ కూడా ఉంటుంది. మళ్ళీమళ్ళీ గర్భం పోతున్నవాళ్ళకు టార్చ్ పరీక్ష చేయడం మానేయాలని బ్రిటన్ ప్రసూతి వైద్యుల రాయల్ కాలేజీ 2011లోనే చెప్పింది. అయినా ఆడవాళ్ళ చేత డబ్బు ఖర్చు పెట్టించి, చేతిలో ఒక నిందను పెట్టి పంపుతున్నారు. మగవాడి రక్తం గురించి ఎవరూ అడగరు.

జగిత్యాల, సిరిసిల్ల పల్లెల్లో భర్తలు గల్ఫ్ దేశాల్లో ఏళ్ళ తరబడి ఉండే ఇళ్ళు మీకు తెలుసు. అలాంటి ఇంట్లో భార్య కాగితం మీద 'పాజిటివ్' అని వస్తే ఏమవుతుందో నేను వేరే చెప్పాలా? ఒక్క మాట గట్టిగా గుర్తు పెట్టుకోండి. రోగం ఎప్పుడు వచ్చిందో, ఎవరి నుంచి వచ్చిందో ఆ కాగితం చెప్పలేదు. పెళ్ళైన కొత్తలో భర్త నుంచే అంటుకొని ఇన్నాళ్ళూ బయటపడకుండా ఉండి ఉండవచ్చు. అసలు రోగమే లేకపోవచ్చు.

చట్టం సంగతి కూడా తెలియాలి. 1955 హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్ ప్రకారం అంటుకునే దశలో ఉన్న సుఖవ్యాధి విడాకులకు ఒక కారణం. కాబట్టి ఈ కాగితం కోర్టు దాకా పోవచ్చు. అలా పోతే అది ఏ పద్ధతి పరీక్ష, రెండో పద్ధతిలో నిర్ధారించారా అని మన తరఫు వకీలు అడగాలి. ఆ కాగితం చూపి భార్య శీలాన్ని నిందించడం 2005 గృహహింస చట్టం కింద మాటలతో, మానసికంగా హింసించడమే.

మరి ఏం చేయాలి? పుండ్లు ఉంటే సిగ్గుపడి దాచుకోవద్దు, మానక ముందే వెళ్ళాలి. తాజా పుండు నుంచి తీసిన ద్రవానికి చేసే పిసిఆర్ పరీక్ష రక్త పరీక్ష కన్నా నమ్మదగింది. ప్రభుత్వ సురక్షా క్లినిక్‌లలో లక్షణాలను బట్టే మందులిస్తారు. హెర్పిస్ పుండ్లకు ఇచ్చేది ఎరుపు రంగు 5వ నంబరు కిట్. గర్భిణులైతే డాక్టరుకు తప్పక చెప్పాలి. చివరి నెలల్లో కొత్తగా సోకితేనే బిడ్డకు ఎక్కువ ప్రమాదం. కాన్పు సమయానికి పుండ్లుంటే ఆపరేషన్ చేస్తారు.

రక్త పరీక్ష అసలే పనికిరాదని నేననడం లేదు. పుండ్లు తిరగబెడుతూ పిసిఆర్‌లో తేలనప్పుడు, భాగస్వామికి రోగం ఉందని తెలిసినప్పుడు రకాన్ని వేరు చేసే ఐజీజీ పరీక్ష ఉపయోగపడుతుంది. అంకె తక్కువగా ఉంటే రెండో పద్ధతిలో నిర్ధారించుకోవాలి.

మనం అడగాల్సినవి ఇవి: ఎందుకు చేస్తున్నారో చెప్పకుండా పరీక్ష చేయకూడదు. ఫలితం ముందు ఆ స్త్రీకే చెప్పాలి, అత్తకో మొగుడికో కాదు. కాగితం ఇచ్చేటప్పుడు అది ఏం చెప్పలేదో కూడా చెప్పాలి. ఇవి అడగడానికి చదువు అక్కరలేదు, పక్కన మరో ఆడమనిషి ఉంటే చాలు. రేపటి నుంచి ఆ మనిషి మనలో ఒకరు కావాలి.