గాజు అడుగున ముద్ర

(మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)



జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఆఫీసులలో ముప్పై ఏళ్ళకు పైగా గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. గుండ్రని ముద్ర లేనిదే ఏ కాగితాన్నీ నమ్మని అలవాటు నాది. అటువంటి నేనే ఇంట్లో ముద్ర చూడక నష్టపోయాను. ఆ సంగతి విని మీలో ఒక్కరు జాగ్రత్త పడినా చాలు.

మన దిక్కు గల్ఫుకు మనిషి పోని వాడకట్టు లేదు. మా పెద్దవాడు 1997లో దుబాయి పోయాడు. రెండేళ్ళకు సెలవు మీద వస్తూ వాళ్ళమ్మ కోసం ఒక క్రిస్టల్ గిన్నె, ఆరు గ్లాసులు తెచ్చాడు. వాటికి బంగారు రంగు గుండ్రని కాగితాలు అంటించి ఉన్నాయి. ధర చీటీలనుకొని మా ఇంటావిడ ఆ రోజే నానబెట్టి గీకివేసింది. నేను పక్కనే ఉండి చూశాను.

కొన్నేళ్ళకు ఆమె జబ్బుపడింది. డబ్బు అవసరమై అమ్మబోతే ఒక వ్యాపారి, "పేరు లేదు, మామూలు గాజు" అని గ్లాసులకు మూడు వందలు చేతిలో పెట్టాడు. గిన్నె ఇవ్వడానికి మాత్రం ఆమె ఒప్పుకోలేదు. ఆమె పోయిన తర్వాత ఒకనాడు ఆ గిన్నె తుడిచి ఎండకు పట్టి చూద్దును గదా, అడుగు అంచున మగ్గం మీది పోగంత సన్నని అక్షరాలు! కంపెనీ పేరు, దేశం పేరు. గ్లాసుల అడుగునా అవే ఉండి ఉంటాయి.

ఆ పిదప తెలుసుకున్నవి చెబుతాను. కాగితపు లేబిలు కూడా ముద్రే. యూరపు ఉమ్మడి మార్కెట్టు దేశాలు 1969లో పెట్టుకున్న నిబంధన ప్రకారం గాజులో సీసపు ఆక్సైడు 24 శాతం, ఆపైన ఉంటే బంగారు రంగు గుండ్రని లేబిలు. తక్కువ రకాలకు వెండి రంగు చతురస్రం, త్రికోణం. కనుక లేబిళ్ళు గీకకండి.

ఇక గాజు మీది ముద్ర. దానిని ఆమ్లంతో వేస్తారు, గోటికి ఊడదు. వస్తువును గోరువెచ్చని నీళ్ళతో కడిగి ఆరబెట్టి, ఏటవాలుగా వెలుతురుకు పట్టి, భూతద్దంతో అడుగు, అంచు చూడాలి. నోటితో ఆవిరి ఊదితే మసకలో అక్షరాలు తేలుతాయి.

ముద్రను బట్టి కాలం కూడా తెలుస్తుంది. ఫ్రాన్సులోని బకారా 1764 నాటి సంస్థ, కాని గాజు మీద ముద్ర క్రమంగా వేయడం 1936 నుంచే. ఐర్లండులోని వాటర్‌ఫర్డ్ 1783లో మొదలై 1851లో మూతబడి, 1947లో మళ్ళీ తెరుచుకున్నది. అడుగున ఆ పేరు కనబడేది 1950ల తర్వాతి సరుకులో. "చెకోస్లొవాకియా" అని ఉంటే ఆ దేశం ఉన్న కాలపుది, అనగా 1918కి, 1993కి మధ్యది. కాబట్టి ముద్ర లేనంత మాత్రాన నకిలీ కాదు. ముద్ర ఉన్నంత మాత్రాన అసలూ కాదు, దొంగ ముద్రలు వేసేవారు లేకపోలేదు. పనితనం, అడుగున వాడకపు గీతలు కూడా చూడాలి. హైదరాబాదు పోతే సాలార్‌జంగ్ మ్యూజియంలోని యూరపు గాజు సామాను చూడండి, కంటికి అలవాటవుతుంది.

ఆడపడుచులకు ఒక మాట. సీసం కలిసిన గాజులో ఊరగాయ, నిమ్మరసం, చింతపండు పులుసు నిలవ ఉంచకండి. పులుపు సీసాన్ని లాగుతుంది, పిల్లలకు మరీ చెరుపు. మా ఇంట్లో ఆ గిన్నెలోనే మామిడికాయ పచ్చడి పెట్టుకున్నాము, తెలియక.

అమ్మేముందు ఇద్దరు ముగ్గురికి చూపండి. తొందరలో ఉన్నవానికి ధర దక్కదు. గిన్నె ఇప్పుడు మా షోకేసులో ఉంది. దాని విలువ ఎంతని నేను ఎవరినీ అడగలేదు, అడగను. పిల్లలు దూరదేశంలో చెమటోడ్చి తెచ్చిన వస్తువును ఒక్కసారి తిరగేసి చూడండి. మా వాడు తెచ్చినదాన్ని నేను ఆ రోజు చూడలేదు.