చంపని మాంసము



మహేంద్రతనయ యొడ్డున పాతపట్నములో నేను బాలుడనై యున్న దినములలో మా యింట ఒక మేకపిల్ల పెరిగినది. దానికి రావియాకులు మేపినవాడను నేనే. గ్రామదేవత సంబరమునాటి ఉదయమున దానిపై పసుపునీరు చల్లి తీసికొనిపోయినారు. మధ్యాహ్నము విస్తరిముందు కూర్చుండి ఏడ్చినాను, పిదప తిన్నాను. ఆ రెండింటిలో ఏది న్యాయమన్న ప్రశ్న నన్ను నేటికిని విడువలేదు.

ఇట్టి ప్రశ్నయే విజయవాడలో పుట్టిన ఉమా వలేటిగారికిని కలిగినది. పండ్రెండేండ్ల ప్రాయమున ఆయన ఒక పుట్టినరోజు విందునకు పోయి, ముందు ముంగిట వేడుకను, పెరటిలో జంతువులను కోయుటను ఒక్కనాడే చూచినారట. తరువాత అమెరికాలో హృద్రోగవైద్యులై, 2015లో జంతువును చంపక మాంసమును పెంచు సంస్థ నొకదానిని స్థాపించినారు.

ఇందు మంత్రమేమియు లేదు. కోడినుండియో, పశువునుండియో కొలదిపాటి కణములను గ్రహించెదరు. వానిని పెద్ద తొట్లలో వెచ్చగా నుంచి చక్కెర, లవణములు, విటమినులు గల ద్రవమును ఆహారముగా నిచ్చెదరు. కణము లొకటి రెండై, రెండు నాలుగై, కొన్ని వారములకు మాంసమగును. 2013లో మార్క్ పోస్ట్ అను డచ్చి శాస్త్రజ్ఞుడు ఇట్టి మాంసపుముద్దను లండనులో వండించి చూపెను. దాని ఖర్చు సుమారు రెండున్నర లక్షల యూరోలు. 2020లో సింగపూరు, 2023లో అమెరికా విక్రయమున కనుమతించినవి. ఆ 2023లోనే ఇటలీ నిషేధించినది. మన హైదరాబాదులో సి.సి.ఎం.బి., జాతీయ మాంస పరిశోధన కేంద్రము కలిసి 2019లో కేంద్రప్రభుత్వ సహాయముతో ఈ పరిశోధనకు పూనుకొన్నవి.

ఇది ప్రకృతివిరుద్ధమని కొంద రందురు. అంటుమామిడి అడవిలో తనంత మొలచినదా? పాలు తోడుపెట్టుట ప్రకృతి పనియా, గృహిణి పనియా? ఆ యాక్షేపణ నిలువదు. నిలుచునవి వేరు.

మొదటిది: కణముల కిచ్చు ద్రవములో తొలుత వాడినది, చూలుతో నున్న ఆవును వధించినప్పుడు గర్భస్థమైన దూడ నెత్తురునుండి తీసిన రసి. అది చంపని మాంసమెట్లగును? రసి లేని పద్ధతులను పిదప కనుగొన్నారు. కాని ఏ తొట్టెలో ఏది పోసినారో అడుగు హక్కు తినువానికుండవలెను.

రెండవది: పశువునకు గడ్డినేల కావలెను, తొట్టెకు విద్యుత్తు కావలెను. ఆ విద్యుత్తు బొగ్గునుండి వచ్చినచో, నేలకు మిగిల్చిన మేలు గాలికి కీడగును.

మూడవది మనకు మరింత దగ్గర. మా ప్రాంతమున మందను కొండవాలున మేపి, రాత్రులు రైతు చేలలో నిలిపి ఎరువునిచ్చు కాపరు లున్నారు. మాంసము తొట్టెలో పుట్టిననాడు ఆ మంద యుండదు, ఆ యెరువు నుండదు. మేకకు కత్తి తప్పును; కాని పుట్టుకయు తప్పును. కాపరి బ్రతుకున కెవ్వరు పూచీ?

అయినను, గాలి వెలుతురు లేని బోనులలో కుక్కి వేలకొలది కోళ్లను పెంచు నేటి పద్ధతిని తలచినప్పుడు, నా మొగ్గు తొట్టెవైపే. ముందుగా మాన్పవలసినది ఆ బోనునుగాని, కాపరి మందను గాదు. ఈ క్రమము తప్పినచో దయపేరిట బీదవాని కూడు తీసినవార మగుదుము.

నాడు విస్తరిముందు ఏడ్చినందుకు పెద్దలు నవ్వినారు. ఆ యేడుపు తప్పుకాదని నే డనుకొనుచున్నాను. తినుటకు ముందు ఒక్కక్షణము ఆ ప్రాణిని తలచుట, అది మందలో పెరిగినను, తొట్టెలో పెరిగినను, మన ధర్మము.