కులవివక్ష, పేదరికము - మన కుటుంబముల ఆరోగ్యము



ఈ శతవార్షికోత్సవ సభలలో మాకు ఆరోగ్యమను అంశము ఇయ్యబడినది. ఆరోగ్యమనగానే ఆసుపత్రులు, మందులు జ్ఞాపకము వచ్చును. మేము మాత్రము మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి ప్రాంతముల అద్దె గదులను గూర్చి మాటలాడదలచితిమి.

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటికి ఆ చుట్టుప్రక్కల బండరాళ్ళే ఎక్కువ. ఆ బండలు కొట్టి, అంతస్తులు లేపినవారిలో పాలమూరు వలస కూలీలును, ఒడిశా, జార్ఖండ్, బీహారుల నుండి వచ్చినవారును అనేకులు. 2020 మే 1న దేశములో మొదటి శ్రామిక్ రైలు మన లింగంపల్లి నుండియే సుమారు 1200 మందితో జార్ఖండులోని హతియాకు బయలుదేరినది. పని ఆగిన కొన్ని వారములకే ఊరు చేరుట తప్ప గతిలేని బ్రదుకులవి.

భయము కలిగినప్పుడు మన శరీరము అడ్రినలిన్, కార్టిసాల్ అను హార్మోనులను విడుదల చేయును. గుండె వేగముగా కొట్టుకొనును, రక్తములో చక్కెర పెరుగును. కుక్క తరిమినప్పుడు పరుగెత్తుటకు అది దేవుడిచ్చిన సాయము. కుక్క వెళ్ళగానే గుండె నెమ్మదించును. మరి ఆ కుక్క ఎన్నటికిని వెళ్ళనిచో? మేస్త్రి ఇయ్యని కూలి, దగ్గరపడుచున్న అద్దె గడువు, “మీరేం కులపోళ్ళు?” అను ఇంటి యజమాని ప్రశ్న ప్రతిదినము వాకిటనే యుండును. కొందరు యజమానులు నేరుగా అడుగరు. ఇంటిపేరు అడుగుదురు, వంటింటిలో ఏమి వండుదురని అడుగుదురు.

హార్వర్డు విశ్వవిద్యాలయపు పిల్లల వైద్యుడు జాక్ షోన్‌కాఫ్ మొదలగువారు ఎడతెగని ఈ స్థితిని విషతుల్యమైన ఒత్తిడి అనిరి. పెద్దలలో ఇది రక్తపోటును, చక్కెర వ్యాధిని పెంచును, నిద్రను హరించును. గర్భిణి బిడ్డ నెలలు నిండక పుట్టు అపాయము హెచ్చును. పసివారి ఎదుగుచున్న మెదడుకే హాని కలుగును.

పేదరికమొక్కటే కారణమందురా? అమెరికాలో చదువుకొని ఉద్యోగములు చేయు నల్లజాతి తల్లులును ఈ హాని తప్పించుకొనలేదు. అవమానములకు వారి శరీరములు ఎండవానలకు గోడ పెళ్ళలూడినట్లు ముందుగా అరిగిపోవునని ఆర్లీన్ జెరోనిమస్ అను పరిశోధకురాలు 1992లో వ్రాసెను. మన దేశపు సంగతియు వినుడి. కార్లా హాఫ్, ప్రియాంక పాండే అనువారు ఉత్తరప్రదేశ్ గ్రామములలో ఆరు, ఏడు తరగతుల మగపిల్లలకు దారి కనుగొను చిక్కుబొమ్మలిచ్చిరి. కులము ఎత్తనంతవరకు తక్కువ కులములనబడు పిల్లలు తక్కినవారితో సమానముగా చేసిరి. అందరియెదుట కులము చదివి వినిపించగానే వెనుకబడిరి. పిల్లలు మారలేదు, బొమ్మలు మారలేదు. ఈ ఫలితములు 2004లో ప్రచురింపబడినవి.

ఇది మన ఇండ్లలోని మాటయే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము క్రైస్తవుడైన దళితునికి షెడ్యూల్డు కులస్థుని హోదా లేదు. బస్తీలో మాత్రము అతని కులము అతనిని విడువలేదు. కావున ఎందరో పిల్లలకు బడిలో ఒక పేరు, గుడిలో ఒక పేరు. ఆ దాపరికమును మోయుట పసివానికి తేలికయా? మరి మనలో మనము మాల, మాదిగ అను భేదమును ప్రసంగములలో పలుకము గాని పెండ్లి సంబంధములలోను, కమిటీ ఎన్నికలలోను మరువము. పండుగపూట ఈ మాట ఏలయని కొందరు ముఖము చిట్లించుకొనవచ్చును. చిట్లించుకొననిండు.

ఆరాధనలో కునుకువారిని, ప్రార్థన కూటమునకు రానివారిని భక్తి లేదని తేలికగా అనుచుందుము. నిర్గమకాండము ఆరవ అధ్యాయము చూడుడి. మోషే విడుదల వార్త చెప్పినను ప్రజలు ఆలకింపలేకపోయిరి. బానిస చాకిరి వారి మనస్సులను అంతగా నలుగగొట్టెను. దేవుడు వారిని గద్దింపలేదు, మోషేను ఫరోయొద్దకు పంపెను.

మనలో ఇండ్లు అద్దెకిచ్చువారు, పనిమనుషులను, డ్రైవర్లను పెట్టుకొన్నవారు కలరు. కులము అడుగకుడి. జీతము ఒకటవ తేదీన ఇయ్యుడి; ఆ తేదీ తప్పదను నిశ్చయము వారికి మందువలె పనిచేయును. ఒత్తిడిలో పెరుగు బిడ్డను కాపాడుటకు నిలకడగా ప్రేమించు పెద్దవారు ఒక్కరైనను కావలెనని వైద్యులు చెప్పుచున్నారు. మన ఆదివార పాఠశాల గదులు వారమునకు ఆరు దినములు తాళము వేసియున్నవి. పనికి పోయిన తల్లి తిరిగి వచ్చువరకు, సాయంత్రము నాలుగు మొదలు ఏడు వరకు, వాటిని తెరచి, ప్రతిదినము అదే టీచరమ్మ అక్కడ ఉండునట్లు చేయవలెనని పాస్టరేటు కమిటీలను కోరుచున్నాము. ఆమె జీతమునకు డబ్బు లేదందురేమో. ఈ ఉత్సవముల పందిరి ఖర్చుల లెక్క ఇంకను ముగియలేదు.